ఎవరు ఓడాలని దుఆ చేయాలి?

ఫుట్‌బాల్ లీగ్ ఆఖరి నెలలోకి వచ్చేసరికి ప్రతి షౌకీన్ ఒక మున్షీ అయిపోతాడు. మనవాళ్ళకు ఇన్ని పాయింట్లు, అవతలివాళ్ళకు ఇన్ని, మిగిలిన మ్యాచ్‌లు నాలుగు. వాళ్ళు ఫలానా ఊళ్ళో ఓడితే, మనం ఇంట్లో గెలిస్తే, మూడోవాడు డ్రా చేసుకుంటే... ఇలా సాగుతుంది హిసాబ్. చాయ్ చల్లారిపోతుంది, హిసాబ్ మాత్రం తెగదు. క్రికెట్ వాళ్ళకు ఐపీఎల్ ప్లేఆఫ్‌ల రోజుల్లో ఈ బీమారీ కొద్దిగా అంటుకుంటుంది. ఫుట్‌బాల్ వాళ్ళకిది పాత మర్జ్.

ఈ హిసాబ్‌లో ఒక చేదు సంగతి ఉంది. మన ఉమ్మీద్ నిలవాలంటే ఎవరో ఒకరు ఓడాలి. మన జట్టు గెలవాలని దుఆ చేసినంత తేలిగ్గా ఇంకో జట్టు ఓడాలని చేయగలమా? అవతలివాడు పరాయివాడైతే దిల్ ఒప్పుకుంటుంది. మనవాడే అయితే? 2024 ఏప్రిల్‌లో, రంజాన్ ఆఖరి అష్రాలో, హైదరాబాద్‌లోని చాలా ముస్లిం ఇళ్ళల్లాగే మా ఇంట్లోనూ ఈ సవాల్ లేచింది. దాని తారీఖ్ తెలియాలంటే తొంభై ఏళ్ళు వెనక్కి, కలకత్తా మైదాన్‌కు వెళ్ళాలి.

కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ 1898లో మొదలైంది. మొదటి 36 ఏళ్ళలో ఒక్క హిందుస్తానీ జట్టు కూడా దాన్ని గెలవలేదు. గోరా పల్టన్లు, గోరా సాహెబుల క్లబ్బులు తమలో తామే పంచుకున్నాయి. 1911లో మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన మాట నిజమే, ఆ రోజు మొత్తం ముల్క్ పండగ చేసుకుంది. కానీ షీల్డ్ వేరు, లీగ్ వేరు. షీల్డ్ నాకౌట్. నాలుగైదు రోజులు జాన్ లడాయించి ఆడితే ఎంతటివాడినైనా పడగొట్టవచ్చు. లీగ్ అలా కాదు. మే నుంచి జూలై దాకా ఎండలో, ఆ తర్వాత బురదలో ఆడుతూనే ఉండాలి. ఒక మ్యాచ్‌లో పోగేసుకున్న ఇజ్జత్ తర్వాతి మ్యాచ్‌లో పోవచ్చు. లీగ్ గెలవాలంటే జజ్బా ఒక్కటే చాలదు, సబర్ కావాలి, ఇంతెజామ్ కావాలి.

ఆ ఇంతెజామ్ తెచ్చింది మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్. 1891లో పుట్టిన ఈ క్లబ్ నలభై ఏళ్ళకు పైగా కింది డివిజన్లలోనే తచ్చాడింది. 1933లో రెండో డివిజన్ గెలిచి, 1934లో మొదటిసారి పై డివిజన్‌లో అడుగుపెట్టింది. కొత్తగా పైకొచ్చిన జట్టు గురించి సీజన్ మొదట్లో ఎవరైనా ఏమనుకుంటారు? కిందికి జారకుండా ఉంటే అదే గనీమత్ అనుకుంటారు. ఈ జట్టు మాత్రం వచ్చిన ఏడాదే లీగ్ గెలిచేసింది. లీగ్ గెలిచిన మొదటి హిందుస్తానీ జట్టు అదే.

ఇది ఎలా జరిగిందన్నదే నాకు అన్నిటికంటే దిల్చస్ప్ విషయం. ఆ దౌర్‌లో మన ఆటగాళ్ళలో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడేవారు. పొడి నేల మీద వట్టి కాళ్ళవాడికి ఫాయిదా ఉండేది. వేగం వాడిది, బంతి మీద పట్టు వాడిది. జూన్ రాగానే కథ తిరగబడేది. వాన పడి మైదాన్ బురద అయితే వట్టి కాలు జారుతుంది, బూటు వేసుకున్న గోరా నిలబడతాడు. అందుకే హిందుస్తానీ జట్లు సీజన్ మొదట్లో బాగా ఆడి, ఆఖర్లో వెనకబడేవి. అభిమానులు దాన్ని తక్దీర్ అనుకునేవారు. మొహమ్మడన్ క్లబ్ పెద్ద సి.ఎ.అజీజ్‌కు మాత్రం అందులో తక్దీర్ కనపడలేదు, వాన కనపడింది. ఆటగాళ్ళకు బూట్లు అలవాటు చేయించాడు. బెంగళూరు నుంచి, సర్హద్ ఇలాఖా నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మంచి ఆటగాళ్ళను వెతికి రప్పించాడు. మైదాన్ తడిసిన రోజుల్లో కూడా జట్టు జారలేదు. తద్బీర్ అంటే ఇదీ.

మన మహఫిల్‌లలో 1934 కథ చెప్పేటప్పుడు జోష్ గురించే ఎక్కువ చెబుతారు, బూట్ల గురించి తక్కువ. నా రాయ్ ఏమిటంటే ఆ కథలో అసలు పాఠం బూట్లే.

ఆ తర్వాత 1935, 36, 37, 38 కూడా మొహమ్మడన్‌వే. వరసగా ఐదేళ్ళు. 1936లో లీగ్‌తో పాటు ఐఎఫ్ఏ షీల్డ్ కూడా వచ్చింది. ఆ జట్టు ఆటగాడు మొహమ్మద్ సలీం అదే ఏడాది స్కాట్లాండ్ వెళ్ళి సెల్టిక్ తరఫున ఆడాడు. అక్కడ మాత్రం బూట్లు లేకుండా, కాళ్ళకు పట్టీలు చుట్టుకుని! బూట్ల క్లబ్ నుంచి వెళ్ళిన మనిషి వట్టి కాళ్ళతో గోరాలను హైరాన్ చేశాడు. ఇంటి మీద బెంగతో కొన్నాళ్ళకే తిరిగొచ్చేశాడు.

ఆ ఐదేళ్ళలో బెంగాల్ ముస్లిం ఖౌమ్‌కు ఈ జట్టు ఏమిటో ఇప్పుడు ఊహించడం కష్టం. చదువులో, నౌకరీల్లో, జమీన్‌దారీలో వెనకబడ్డామన్న బాధ ఉన్న జనానికి, నిలబడి చూపించిన ఒక నిషానీ దొరికింది. ఢాకాలో, చిట్టగాంగ్‌లో, అస్సాంలో మొహమ్మడన్ పేరుతో క్లబ్బులు లేచాయి. ఇది ఖుషీ కలిగించే మాటే. దాని రెండో పక్క కూడా చెప్పకపోతే అది తారీఖ్ కాదు, ఖసీదా అవుతుంది. 1930ల చివర్లో బెంగాల్ సియాసత్ వేడెక్కింది. ముస్లిం లీగ్ నాయకులు కొందరు క్లబ్ చుట్టూ చేరారు. గెలుపు మొత్తం హిందుస్తానీలదా, ముసల్మానులదా అనే బహస్ మొదలైంది. 1934లో గోరాల మీద గెలిచినప్పుడు చప్పట్లు కొట్టిన చేతుల్లో కొన్ని, నాలుగేళ్ళు తిరిగేసరికి ముడుచుకున్నాయి. ఇందులో తప్పు ఒక్క పక్కదే అని చెప్పేవారిని నేను నమ్మను.

1939లో ఆరోసారి కూడా మనమే అనుకుంటున్న సమయంలో ఐఎఫ్ఏతో తగాదా వచ్చింది. మొహమ్మడన్, ఈస్ట్ బెంగాల్, మరో రెండు క్లబ్బులు లీగ్ వదిలి బయటికి నడిచాయి. ఆ ఏడాది మోహన్ బగాన్ తన మొదటి లీగ్ గెలుచుకుంది. చూడండి, మొహమ్మడన్‌తో పాటు కోపంగా బయటికి వచ్చింది ఈస్ట్ బెంగాల్. దాన్ని ఏ లెక్కలో వేస్తాం, మజహబ్ లెక్కలోనా? ఆ దౌర్ గురించి గీత గీసినట్లు చెప్పేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చాలు. 1940లోనూ 41లోనూ మళ్ళీ మొహమ్మడనే గెలిచింది. 1940లో ఢిల్లీ వెళ్ళి రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. అంతకు ముందు ఆ కప్పును ఏ హిందుస్తానీ సివిలియన్ జట్టూ ముట్టుకోలేదు.

తర్వాత తక్సీమ్ వచ్చింది. ఆటగాళ్ళు కొందరు వెళ్ళిపోయారు, చూసేవాళ్ళు ఎందరో వెళ్ళిపోయారు. అయినా 1948లో లీగ్ గెలిచింది మొహమ్మడన్. నాకు ఆ క్లబ్ చరిత్రలో అన్నిటికంటే మనసుకు హత్తుకునే సాల్ అదే. ఉండిపోయినవాళ్ళ గెలుపు అది. ఆ తర్వాత 1957, 1967, 1981. ఆ పైన నలభై ఏళ్ళు ఇంతెజార్.

ఇప్పుడు మన హైదరాబాద్ మాటకు వద్దాం. మనకూ గొప్ప తారీఖే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచింగ్‌లోనే హిందుస్తాన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. కాస్త ఆలోచించండి, ఇవన్నీ టోర్నమెంట్లు. రోవర్స్, డ్యూరాండ్ కప్పులు. వెళ్ళడం, నాలుగైదు మ్యాచ్‌లు ఆడడం, గెలిచి రావడం. నెలల తరబడి పాయింట్లు లెక్కపెట్టుకుంటూ ముల్క్ మొత్తం చూసే లీగ్ మనకు ఉండేది కాదు. ఆ జిందగీ కావాలంటే మన పిల్లలు కలకత్తా రైలెక్కాల్సి వచ్చేది. మొహమ్మద్ హబీబ్ అలాగే వెళ్ళారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్, మూడు పెద్ద జట్లకూ ఆడి 'బడే మియా' అనిపించుకున్నారు. తమ్ముడు అక్బర్ 'ఛోటే మియా'. హబీబ్ సాబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే ఇంతెకాల్ అయ్యారు. షబ్బీర్ అలీ కూడా ఇక్కడి నుంచి వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కూ మొహమ్మడన్‌కూ ఆడారు. పాతబస్తీ పెద్దలు కొందరికి కలకత్తా లీగ్ హిసాబ్ నోటికి రావడానికి సబబ్ ఇదే. ఖౌమ్ మాట ఎంతో, మొహల్లా మాట కూడా అంతే. మనవాడు అక్కడ ఆడుతున్నాడు కాబట్టి చూసేవారు.

2021లో నలభై ఏళ్ళ ఇంతెజార్ ముగిసింది. నవంబర్ 18న రైల్వే ఎఫ్‌సీని 1-0తో ఓడించి మొహమ్మడన్ కలకత్తా లీగ్ గెలిచింది. ఆ ఏడాది రెండు పెద్ద జట్లూ ఆడలేదు కాబట్టి కొందరు మూతి విరిచారు. విరవనివ్వండి. 2022లో, 2023లో కూడా గెలిచారు.

కానీ అసలు హిసాబ్ ఐ-లీగ్‌లో మొదలైంది, అందులోనే మన హైదరాబాద్ కూడా వచ్చి చేరింది. శ్రీనిధి డెక్కన్ అనే జట్టు విశాఖలో పుట్టి, తర్వాత హైదరాబాద్ అవతల అజీజ్ నగర్‌లో తన మైదాన్ కట్టుకుంది. 2021-22లో ఐ-లీగ్‌లోకి వచ్చింది.

ఆ మొదటి సీజన్ ఆఖరి వారం చూడండి. కేరళ జట్టు గోకులం వరసగా 21 మ్యాచ్‌లు ఓడకుండా వస్తోంది. టైటిల్ దాదాపు వాళ్ళ జేబులోనే ఉంది. మే 10న వాళ్ళ ఎదురుగా శ్రీనిధి. ఎవరూ ఉమ్మీద్ పెట్టుకోని మ్యాచ్. శ్రీనిధి కుర్రవాడు లాల్‌రోమావియా మూడు గోల్స్ కొట్టాడు, 3-1. గోకులం ఆగిపోయింది, 40 పాయింట్ల దగ్గర. మొహమ్మడన్‌కు 37. మిగిలింది ఒక్క మ్యాచ్, అదీ ఈ ఇద్దరి మధ్యే, అదీ కలకత్తా సాల్ట్ లేక్‌లో. గెలుపుకు మూడు పాయింట్లు. గెలిస్తే ఇద్దరూ 40, అప్పుడు ఇద్దరి మధ్య ఫలితాలు చూస్తారు, కప్పు మొహమ్మడన్‌ది. డ్రా అయినా గోకులందే. హిసాబ్ ఇంత సాఫ్‌గా రావడం చాలా అరుదు. ఆ నాలుగు రోజులు కలకత్తా ముస్లిం మొహల్లాల్లో శ్రీనిధి పేరు ఎవరి దుఆలో లేదు? అప్పటిదాకా వాళ్ళలో చాలామందికి ఆ జట్టు ఏ ఊరిదో కూడా తెలిసి ఉండదు.

మే 14. స్టేడియం నిండా నలుపు తెలుపు జెండాలు. రెండో సగం మొదట్లోనే రిషద్ గోకులంకు గోల్ కొట్టాడు. కాసేపటికి అజహరుద్దీన్ మల్లిక్ సమం చేశాడు. ఇంకొక్కటి కావాలి. ఆ ఇంకొక్కటి నాలుగు నిమిషాల్లోనే వచ్చింది, కానీ అవతలి వైపు నుంచి. ఎమిల్ బెన్నీ. 2-1తో గోకులం గెలిచింది. మొహమ్మడన్ 37 దగ్గరే ఉండిపోయింది. శ్రీనిధి చేసిన ఎహ్‌సాన్ కలకత్తాకు అక్కరకు రాలేదు.

ఆ వసంతంలోనే, మార్చి 20న, హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మళ్ళీ మన జమానా వచ్చిందనుకున్నాం. రెండేళ్ళు తిరగకుండానే డబ్బు కష్టాల్లో పడి ఆ జట్టు పేరున్న ఆటగాళ్ళను ఒక్కొక్కరినే పోగొట్టుకుంది. 2023-24 సీజన్ మొత్తంలో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్.

అదే 2023-24లో ఐ-లీగ్ పైన ఎవరున్నారు? మొహమ్మడన్, శ్రీనిధి డెక్కన్. ఈసారి దావ్ ఇంకా పెద్దది. 2022లో గెలిచినా ఐఎస్ఎల్‌కు దారి లేదు, ఆ నిబంధన తర్వాతి ఏడాది నుంచే వచ్చింది. ఇప్పుడు మొదటివాడు పైకి వెళ్తాడు, రెండోవాడు మళ్ళీ ఏడాది అక్కడే. శ్రీనిధి అంతకు ముందు ఏడాది కూడా రెండో స్థానంలోనే ఆగిపోయింది.

మా భాంజా శ్రీనిధి వైపు. అజీజ్ నగర్ వెళ్ళి నాలుగైదు మ్యాచ్‌లు చూసివచ్చినవాడు. కొలంబియా నుంచి వచ్చిన కాస్టనెడా గోల్స్ వాడికి కంఠతా. నేను మొహమ్మడన్ వైపు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాలు అయ్యాయో లేదో ఫోన్ తీసి లెక్క మొదలుపెట్టేవాడు.

"మామూ, మీవాళ్ళు షిల్లాంగ్‌లో ఓడితే మాకు ఇంకా ఛాన్సుంది. మీరు ఓడాలని దుఆ చేస్తే గునాహ్ అవుతుందా?"

"ఓడాలని ఎందుకురా, మీవాళ్ళు గెలవాలని చేసుకో. నేను నా పని చేసుకుంటా."

"రెండూ ఒకటే కదా మామూ!"

మా ఆపా నవ్వి, ఫోన్ పక్కన పెట్టి షోర్వా తాగమంది. వాడి మాటలో హఖీఖత్ ఉంది. ఆఖరి వారంలో ఆ రెండూ ఒకటే. పైగా వాడి ప్రశ్నలో నాకు ఇంకో కాంటా కనపడింది. వాడికి జట్టంటే తన ఊరు. వెళ్ళి కూర్చుని చూడగలిగిన మైదాన్. నాకు జట్టంటే చదివిన తారీఖ్, 1934, 1948. నేను సాల్ట్ లేక్‌లో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. సొంత ఊరి జట్టును వదిలి పదిహేను వందల కిలోమీటర్ల అవతలి జట్టుకు దుఆ చేయడానికి నా దగ్గరున్న దలీల్ ఆ పేరూ, ఆ పాత కథలూ. ఇది తప్పని నేను అనుకోను. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ జట్టు కోసం కూకట్‌పల్లిలో రాత్రి రెండింటి దాకా మేలుకునే పిల్లల్ని ఎవరూ దలీల్ అడగరు. మొహమ్మడన్ అనగానే మాత్రం కొందరు కనుబొమ్మలు ఎగరేస్తారు. వాళ్ళకు ఆ జట్టు ఆటగాళ్ళ పేర్లు చదివి వినిపిస్తే చాలు. గోల్ దగ్గర పదం ఛెత్రి, ముందు మిజోరం పిల్లవాడు డేవిడ్ లాల్‌లన్‌సాంగా, అర్జెంటీనా అలెక్సిస్ గోమెజ్, రష్యా కోచ్ చెర్నిషోవ్. పేరు మొహమ్మడన్, జట్టు మొత్తం దునియా.

ఏప్రిల్ 6, శనివారం. మనకు 26వ రోజా. ఆ సాయంత్రం దిగితే 27వ రాత్, మసీదుల్లో జాగరణకు ఇంతెజామ్‌లు జరుగుతున్నాయి. షిల్లాంగ్‌లో లాజోంగ్ జట్టుతో మ్యాచ్. మొదటి నిమిషంలోనే గోమెజ్ గోల్. పదిహేనో నిమిషంలో లాజోంగ్‌కు పెనాల్టీ, 1-1. భాంజా మొహంలో వెలుగొచ్చింది. గంట దాటాక రష్యావాడు కోజ్‌లోవ్ రెండోది కొట్టాడు. 2-1. ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే మొహమ్మడన్ ఐ-లీగ్ ఛాంపియన్. 133 ఏళ్ళ క్లబ్‌కు మొదటి ఐ-లీగ్ టైటిల్ అది. శ్రీనిధికి మళ్ళీ రెండో స్థానం. భాంజా ఏమీ అనకుండా టోపీ తీసుకుని మసీదుకు నడిచాడు, నేను వెనకాల. రహీం సాబ్ మీద తీసిన 'మైదాన్' సినిమా ఆ ఈద్ వారంలోనే వచ్చింది. ఇద్దరం కలిసే చూశాం. సినిమా హాల్లో మా ఇద్దరికీ జట్టు ఒకటే కాబట్టి పంచాయితీ రాలేదు.

పైకి వెళ్ళాక ఏమైందో కూడా చెప్పాలి. 2024-25 ఐఎస్ఎల్‌లో మొహమ్మడన్‌కు ఏదీ కలిసి రాలేదు. అక్టోబర్‌లో కలకత్తాలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ చేతిలో 4-0తో ఓడింది. ఆ రోజు భాంజా నాకు ఫోన్ చేయలేదు, నాలుగు వేళ్ళ బొమ్మ ఒక్కటి పంపాడు. సీజన్ ఆఖరికి పట్టికలో 12వది హైదరాబాద్, 13వది మొహమ్మడన్, 14వది లేదు. కిందికి దింపే నిబంధన అమల్లో లేదు కాబట్టి ఆ ఆఖరి మ్యాచ్‌లకు హిసాబే లేకుండా పోయింది. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఎవరి స్థానమూ పోదు. అయినా ఆ రంజాన్‌లో కూడా ఇఫ్తార్ అయ్యాక వాడు ఫోన్ తీశాడు. ఐదు పాయింట్ల తేడాతో మాదే పైచేయి మామూ, అన్నాడు. 2025 అక్టోబర్‌లో ఆ హైదరాబాద్ జట్టు కూడా ఊరు మార్చి, పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది.